సంచీ తేలికైంది, పాఠం కాలేదు: మహారాష్ట్ర ఉచిత పాఠ్యపుస్తకాల మీద సిరొంచ నుంచి ఒక సమీక్ష

మహారాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకాల బాగోగుల గురించి రాసేవారు సాధారణంగా ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలనే దృష్టిలో పెట్టుకుంటారు. ఈ సమీక్ష వారి కోసం కాదు. తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ, అహేరి, రాజురా, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ జిల్లా పరిషత్ మరాఠీ బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. సిరొంచలో సాయంత్రాలు ఇలాంటి పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతుంటాను కాబట్టి ఈ పుస్తకాలు నా చేతుల్లో నలుగుతూనే ఉంటాయి. ఇక్కడ ప్రధానంగా పరిశీలిస్తున్నది 2023-24, 2024-25 విద్యా సంవత్సరాల్లో నడిచి ఆగిపోయిన నాలుగు భాగాల పుస్తకం. దానితో పాటు గోదావరి అవతలి ఒడ్డున తెలంగాణ పిల్లలు చదివే ద్విభాషా పుస్తకం. రాష్ట్రంలో పాఠ్యప్రణాళిక మొత్తం మారుతున్న సమయం కనుక, ఆగిపోయిన పుస్తకం గురించి మాట్లాడటం వృథా కాదనుకుంటున్నాను.

ముందుగా మంచి మాట చెప్పాలి. రాష్ట్ర పాఠ్యపుస్తకాలను తయారుచేసే పుణెలోని బాలభారతి సంస్థ 1967 నుంచి ఈ పని చేస్తోంది, ఆ అనుభవం పుస్తకంలో కనిపిస్తుంది. బొమ్మలు స్పష్టంగా ఉంటాయి, అక్షరం చిన్నపిల్లల కంటికి తగిన పరిమాణంలో ఉంటుంది, లెక్కల పుస్తకంలో ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు తీసుకువెళ్లే తీరు నాకు చాలా ప్రైవేటు ప్రచురణకర్తల పుస్తకాలలో కంటే మెరుగ్గా అనిపిస్తుంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు పైసా ఖర్చు లేకుండా అందుతుంది. ధర విషయంలో ఫిర్యాదుకు చోటే లేదు.

నాలుగు భాగాల పద్ధతి ఏమిటంటే, ఏడాది పాఠాలన్నిటినీ మూడేసి నెలల లెక్కన విడగొట్టి, ఒక్కో భాగంలో భాష, గణితం, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం వంటి విషయాలన్నిటినీ కలిపి కుట్టారు. పిల్లవాడు ఆ మూడు నెలలూ ఒక్క పుస్తకంతో బడికి వెళ్లవచ్చు. దీని ఉద్దేశం సంచీ బరువు తగ్గించడం. పిల్లల శరీర బరువులో పదో వంతుకు మించి సంచీ ఉండకూడదని 2020 నాటి జాతీయ బడిసంచీ విధానం చెబుతోంది. ఆ మేరకు ఈ ఆలోచనను తప్పుపట్టడానికి లేదు. మా దగ్గర వానాకాలంలో వాగులు పొంగి బురదలో నడిచి బడికి వచ్చే ఊళ్లు ఉన్నాయి. ఒకే పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి చంకలో పెట్టుకొని వచ్చే పిల్లలను చూశాను. వారికి అది నిజంగా సదుపాయమే.

రెండో ప్రయోగం తెల్ల పేజీలు. రెండో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి పాఠం తర్వాత, లేదా పద్యం తర్వాత, 'మాఝీ నోంద్' (నా నోట్సు) అనే శీర్షికతో గీతలు గీసిన పేజీని చేర్చారు. ఉపాధ్యాయుడు చెప్పిన ముఖ్యాంశాలను పిల్లలు అక్కడే రాసుకుంటే నోటుపుస్తకాల భారం తగ్గుతుందని అధికారుల ఊహ. ఆచరణలో ఆ పేజీ ఏమైందో నా దగ్గరికి వచ్చే పిల్లల పుస్తకాలు తెరిస్తే తెలిసిపోయేది. కొన్నిటిలో నల్లబల్ల మీది వాక్యం యథాతథంగా దిగింది. కొన్నిటిలో భాగహారం లెక్క పేజీ చివరికి వచ్చి చోటు చాలక అంచు మీదికి ఎక్కింది. ఎక్కువవాటిలో పేజీ ఖాళీగానే ఉండిపోయింది. ఉండక ఏమవుతుంది? సొంత మాటల్లో రాసుకోమంటే, ముందు ఆ పాఠం సొంత మాటల్లోకి రావాలి కదా. పైగా హోంవర్కుకు మామూలు నోటుపుస్తకం తప్పలేదు, దానితో సంచీ మళ్లీ పాత బరువుకే చేరింది. ఆశించిన ప్రయోజనం కనిపించలేదని ప్రభుత్వమే గ్రహించి 2025 జనవరిలో ఈ పద్ధతిని ఉపసంహరించుకొని, విషయానికొక పుస్తకం అనే పాత తీరుకు తిరిగి వెళ్లింది. తప్పును రెండేళ్లలో దిద్దుకోవడం సర్కారీ వ్యవహారాల్లో అరుదే, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

నాకు ఎదురైన చిక్కు మరొకటి ఉంది. మా చుట్టుపక్కల ఒక బడిలో మూడో భాగం సమయానికి చేరక, పిల్లలు పక్క ఊరి పుస్తకాలను ఫోనులో ఫొటోలు తీసుకొని కొన్నాళ్లు గడిపారు. ఏడాదికి ఒకసారి పంచితే ఒకసారి ఆలస్యమవుతుంది, నాలుగు భాగాలైతే ఆలస్యానికి నాలుగు అవకాశాలు. అలాగే వార్షిక పరీక్షల వేళ మొదటి భాగం కావలసివస్తే, అది అప్పటికే అటకెక్కి ఉంటుంది, లేదా చిల్లర అంగడికి చేరి ఉంటుంది.

అయితే ఇవన్నీ అచ్చుకు, పంపిణీకి సంబంధించిన లోపాలు. మరాఠీ ఇంటిభాషగా ఉన్న పిల్లలకూ ఇవే వర్తిస్తాయి. మా పిల్లల విషయంలో అసలు ఇబ్బందిని పాత పుస్తకమూ ముట్టుకోలేదు, నాలుగు భాగాల పుస్తకమూ ముట్టుకోలేదు. నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పెట్టెకు 24 చొప్పున 15 పెట్టెల మామిడిపండ్లు వచ్చాయి, వాటిలో 36 పాడైపోయాయి, మిగిలినవి ఎన్ని అనే తరహా లెక్కను మరాఠీలో ఇస్తే, ఆ పిల్ల మూడు అంకెలనూ కూడి 75 అని రాసింది. ఎక్కం రాదా అంటే వస్తుంది, తీసివేత కూడా తప్పకుండా చేస్తుంది. వాక్యంలో అంకెలు తప్ప మిగతాది పట్టుబడకపోవడంతో, కనిపించిన అంకెలన్నిటినీ కలిపేసింది. అదే లెక్కను తెలుగులో చదివి వినిపించగానే 360, అందులోంచి 36 తీస్తే 324 అని, కాగితం అడగకుండానే చెప్పింది. మరాఠీ మాట్లాడటంలో ఆ పిల్లకు లోటేమీ లేదు, బజారులో గడగడా మాట్లాడుతుంది. పుస్తకంలోని మరాఠీ వేరు. ఇలాంటి పిల్లలు లెక్కల్లో వెనకబడినవారిగా నమోదు కావడమే నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

ఇప్పుడు అవతలి ఒడ్డు పుస్తకం. సిరొంచ నుంచి వంతెన దాటితే కాళేశ్వరం. మా బంధువుల పిల్లలు మహదేవ్‌పూర్ వైపు బడుల్లో చదువుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెడుతూ 2022-23లో ఒక పేజీ తెలుగు, దానికి ఎదురుగా అదే పాఠం ఇంగ్లీషులో ఉండే పుస్తకాలను తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ అంతకు రెండేళ్ల ముందే ఈ దారి పట్టింది. ఈ పుస్తకాలలో లోపాలు లేకపోలేదు. పుటలు రెట్టింపు కావడంతో పుస్తకాన్ని భాగాలుగా విడగొట్టక తప్పలేదు. కొందరు పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషు పేజీని దాటేస్తారు. కొందరు ఉపాధ్యాయులు పాఠం మొత్తం ఒకే పేజీ మీద నడిపించేస్తారు. కానీ అర్థం కాని వాక్యం దగ్గర ఆగిన పిల్ల ఎవరినీ అడగకుండా పక్క పేజీ మీదికి చూపు తిప్పగలదు, అర్థం చేసుకొని మళ్లీ వెనక్కి రాగలదు. ట్యూషన్‌కు పంపే స్తోమత లేని ఇంట్లో ఆ ఎదురు పేజీయే మాస్టారు. మా పిల్లలకు కావలసింది ఈ అమరికే, ఇంగ్లీషు స్థానంలో మరాఠీ ఉంటే చాలు.

ఇది మహారాష్ట్రకు తెలియని విద్య కూడా కాదు. 2022-23లో ఒకటో తరగతికి మరాఠీ, ఇంగ్లీషు కలిపి ద్విభాషా పుస్తకం తెచ్చింది ఈ రాష్ట్రమే. అంతకంటే ముఖ్యమైన సంగతి, మా వైపు చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది, మరొకటి ఉంది. బాలభారతి తెలుగు మాధ్యమం పుస్తకాలను కూడా ప్రచురిస్తుంది. షోలాపూర్, ముంబయి వంటి చోట్ల ఉన్న తెలుగు బడుల కోసం తయారయ్యే పుస్తకాలవి. రాష్ట్రమంతటికీ పాఠ్యప్రణాళిక ఒకటే కనుక మరాఠీ గణితం పుస్తకంలో ఉన్న పాఠాలే, అదే వరుసలో, అవే అభ్యాసాలతో తెలుగు పుస్తకంలోనూ ఉంటాయి. ఈ-బాలభారతి వెబ్‌సైటులో పీడీఎఫ్ రూపంలో ఉచితంగా దొరుకుతాయి. అంటే పుణెలో మరాఠీ పేజీ సిద్ధంగా ఉంది, తెలుగు పేజీ సిద్ధంగా ఉంది. అనువాదకులకు జీతం ఎప్పుడో ఇచ్చేశారు, చిత్రకారులకూ ఇచ్చేశారు. రెంటినీ ఎదురెదురుగా పెట్టి కుట్టి మా తాలూకాలకు పంపడమొక్కటే మిగిలింది.

నేను ప్రస్తుతం ఆ పనిని చేత్తో చేస్తున్నాను. ఏ పాఠం నడుస్తుంటే ఆ పాఠం తెలుగు పుటలను జిరాక్స్ దుకాణంలో తీయించి మరాఠీ పుస్తకంలో వాటి స్థానాల్లో దూర్చి ఇస్తాను. షోలాపూర్ తెలుగుకూ మా తెలుగుకూ కొంత ఎడం ఉంది, వాక్యాలు అక్కడక్కడ మరాఠీ నడకలో సాగుతాయి. అయినా పిల్లలు దాన్ని ఇట్టే దాటేస్తారు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో వీడియోలు తెరుచుకుంటాయి గాని, మరాఠీ పుస్తకం కోడ్‌కు మరాఠీ వీడియోయే వస్తుంది, దానికీ మా దగ్గరి నెట్‌వర్క్ దయ చూపాలి. జిరాక్స్ కాగితమే నయం.

పాఠ్యప్రణాళిక సవరణ జరిగిన తీరును కూడా ఒక సేవగా భావించి చూస్తే, అందులో మా ప్రాంతానికి దక్కిన వాటా స్వల్పం. కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది దాకా మాతృభాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. వీటి వెలుగులో తయారైన రాష్ట్ర పాఠశాల విద్యా ప్రణాళిక ముసాయిదాను రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి 2024 మే నెలాఖరులో విడుదల చేసి, అభిప్రాయాలకు జూన్ మొదటి వారం దాకానే గడువు ఇచ్చింది. ఆ రోజుల్లో విదర్భ బడులకు ఎండాకాలం సెలవులు, ఉపాధ్యాయులు సొంతూళ్లలో ఉంటారు. మా తాలూకాలో మే అంటే తునికాకు నెల, తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి మధ్యాహ్నానికి వచ్చి ఆకు కట్టలు కడుతూ కూర్చుంటారు. ఆ పది రోజుల్లో ముసాయిదా చదివి అభిప్రాయం పంపగలిగినవారు ఎవరో ఊహించుకోవచ్చు. రాష్ట్రంలో జరిగిన చర్చంతా ముసాయిదాలో ఉటంకించిన మనుస్మృతి శ్లోకం చుట్టూ, 11, 12 తరగతుల్లో ఇంగ్లీషు తప్పనిసరి కాదన్న అంశం చుట్టూ తిరిగింది. సరిహద్దు తాలూకాల ప్రస్తావన నా కంటపడలేదు.

2025లో మూడో భాష వివాదం వచ్చింది. ఒకటో తరగతి నుంచే మూడో భాషగా హిందీ తప్పనిసరి అన్నది ఏప్రిల్ 16 నాటి జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు). నిరసనలు రేగాక జూన్ 17న దాన్ని సవరిస్తూ, హిందీ బదులు మరో భారతీయ భాష కావాలనుకునే పిల్లలు తరగతికి కనీసం 20 మంది ఉంటే టీచరును ఇస్తామని, లేకపోతే ఆన్‌లైన్‌లో చెప్పిస్తామని అన్నారు. పట్టణాల్లో 20 అనేది చిన్న సంఖ్య. మా పల్లెల్లో మొత్తం తరగతే అంత ఉండదు. పిల్లలందరూ తెలుగువారే అయినా తెలుగు టీచరు రాడన్నమాట. జూన్ 29న రెండు ఉత్తర్వులనూ రద్దు చేసి ఈ విషయం తేల్చడానికి ఆర్థికవేత్త నరేంద్ర జాధవ్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ సందర్భంలో మరాఠీ ఉద్యమకారులు చెప్పిన వాదన, అంటే చిన్న వయసులో ఇంటిభాషను వదిలించి కొత్త భాషలను నెత్తికెత్తకూడదన్న వాదన, నాకు పూర్తిగా సమ్మతమే. అదే న్యాయం గడ్చిరోలి, నాందేడ్ తెలుగు పిల్లలకూ వర్తిస్తుందని ఎవరైనా ఒక వాక్యం చేర్చి ఉంటే బాగుండేది. మా పిల్లలు మరాఠీ నేర్చుకోకూడదని ఇక్కడ ఎవరూ అనరు. ఉద్యోగం, సర్కారీ ఆఫీసు పని, పై చదువు అన్నీ మరాఠీలోనే కనుక బాగా నేర్చుకోవాలి, అందుకే ఎదురు పేజీ కావాలంటున్నాను.

మార్కులు వేయమంటే, అచ్చుకూ బొమ్మలకూ బాలభారతికి ఐదుకు నాలుగున్నర వేస్తాను. నాలుగు భాగాల ప్రయోగానికి రెండు, అదీ వానాకాలపు పిల్లలను తలచుకొని. తెలంగాణ ద్విభాషా పుస్తకానికి మూడున్నర. మా పిల్లలకు అందుబాటు అన్న కోణంలో మహారాష్ట్ర పుస్తకానికి ఒకటికి మించి వేయలేను.

కొత్త పాఠ్యప్రణాళికను 2025-26లో ఒకటో తరగతితో మొదలుపెట్టి 2028-29 నాటికి పన్నెండు దాకా దశలవారీగా అమలు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పుస్తకాలు మళ్లీ కూర్పుకు వెళ్లే కాలం ఇదే కనుక, గణితం, పరిసరాల విజ్ఞానం రెండింటికైనా మరాఠీ, తెలుగు ఎదురు పుటల కూర్పు కావాలని శాలా వ్యవస్థాపన్ సమితుల (బడి యాజమాన్య కమిటీల) చేత తీర్మానం చేయించి గటశిక్షణాధికారికి (తాలూకా విద్యాధికారికి) ఇవ్వవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను. ఈలోగా తెలుగు పీడీఎఫ్ దించుకునేవారు ముందు మరాఠీ పుస్తకం మొదటి పుటల్లో ఉన్న ముద్రణ సంవత్సరాన్ని చూసుకోవాలి. పాత ప్రణాళిక పుస్తకం దించుకుంటే పాఠాల వరుస కుదరదు. పుస్తకమంతా ఒకేసారి తీయించవద్దు. నడుస్తున్న పాఠం ఒక్కటే తీయించండి, పిల్లలు మిగతావి పోగొడతారు.