కిరసనాయిలా, కటింగ్ ఆయిలా?

అల్యూమినియం మెత్తన కాబట్టి సులభంగా తెగుతుందనుకుంటాం. తీరా డ్రిల్ బిట్ దించాక రజను అంచుకు అతుక్కుని, గాడి పూడిపోయి, రంధ్రం గరుకుగా వస్తుంది. ఆ అతుకును ఆపడమే నూనె పని. అనంతపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కిరసనాయిలు, కటింగ్ ఆయిల్ (లోహం కోసేటప్పుడు నీళ్లలో కలిపి వాడే రకం నూనె) రెండూ నేను వాడి చూశాను.

నునుపు విషయంలో కిరసనాయిలుదే పైచేయి. పలుచగా ఉండి బిట్ మొనదాకా పాకుతుంది. రెండు చుక్కలు వేస్తే చాలు, రజను మెరుస్తూ చుట్టలు చుట్టుకుని బయటికొస్తుంది. కానీ దాని ఆవిరి సుమారు 38 డిగ్రీల నుంచే నిప్పంటుకోగలదు. మే నెలలో మా షెడ్డు లోపల వేడి అంతకు మించే ఉంటుంది! పక్కన గ్రైండర్ రవ్వలు చిమ్ముతుంటే ఆ సీసా మూత తీయను. వాసన సంగతి మా ఇంట్లోవాళ్లను అడగాలి.

కటింగ్ ఆయిల్ ఒక పాలును 20 పాళ్ల నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. (నూనెనే నీళ్లలో పోయాలి, నీళ్లను నూనెలో కాదు.) చల్లబరచడంలో కిరసనాయిలు దీనికి సాటిరాదు. చిక్కల్లా నీళ్లతోనే. మా బోరు నీళ్లలో కలిపితే మర్నాటికి పైన మీగడలాంటి తెట్టు తేలింది; కఠిన జలంలో నూనె విడిపోతుంది. ఫిల్టర్ నీళ్లకు మారాక ఆ బాధ తప్పింది. వారాల తరబడి డబ్బాలో వదిలేస్తే మాత్రం కుళ్లు కంపు. ముక్కను వెంటనే తుడవకపోతే మరకలూ పడతాయి.

నాలుగు రంధ్రాల పనైతే, అదీ చలికాలంలో, తలుపులు బార్లా తెరిచి కిరసనాయిలు. గంటసేపు రంపం మిషన్ ఆడించాలంటే తెల్ల నీళ్లే.