మే నెల ఎండకు ఏ లాప్‌టాప్ ఆగుతుంది: కాలేజీకి కొనేవాళ్ల కోసం మూడు రకాల సమీక్ష

ఇంజనీరింగ్ సీటు రాగానే భీమవరంలోనైనా కాకినాడలోనైనా షాపులో మొదట అడిగేది "ఐ5 ఆ, ఐ7 ఆ?" అనే. వేడి సంగతి అడిగేవాళ్లు తక్కువ. మన గోదావరి జిల్లాల్లో ఆ మెషీన్ నాలుగేళ్లు ఎలా పనిచేస్తుందో తేల్చేది మాత్రం ఆ చిప్ (ప్రాసెసర్) పేరు కన్నా, చిప్ వేడిని బయటికి మోసే ఫ్యానూ రాగి గొట్టాలూ.

లాప్‌టాప్ ఫ్యాన్ గదిలోని గాలినే లోపలికి లాగి బయటికి తోస్తుంది. గది కన్నా చల్లబరచడం దానివల్ల కాదు. 25 డిగ్రీల ఏసీ గదిలో చిప్ 85 డిగ్రీలకు చేరిందంటే గది కన్నా 60 ఎక్కువ. అదే పని మే మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో చేస్తే లెక్క 98కి పోతుంది. చాలా ఇంటెల్ లాప్‌టాప్ చిప్‌ల గరిష్ఠ హద్దు 100. దాన్ని తాకగానే చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు గానీ, డబ్బు పోసి కొన్న వేగం చేతికి రాదు. అందుకే ఏసీ గదిలో తీసిన వీడియో సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలకు మరో 10, 13 డిగ్రీలు కలుపుకుని చూడాలి. చెయ్యి ఆనే కీబోర్డుకూ ఇదే లెక్క.

మాక్‌బుక్ ఎయిర్ ఎం2లో ఫ్యానే లేదు. అల్యూమినియం ఒళ్లంతా వేడిని వదులుతుంది. ఫ్యాన్ లేదు కాబట్టి లోపలికి దుమ్ము లాగదు, చప్పుడుండదు, బరువు 1.24 కిలోలు. పాలకొల్లు నుంచి రోజూ బస్సులో తిరిగేవాళ్లకు ఇది పెద్ద సుఖం. కోడింగ్, నోట్సు, ఆన్‌లైన్ క్లాసులకు దీనికి వంక పెట్టలేం. పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పని నిమిషాల తరబడి సాగితే మాత్రం వేగం తగ్గుతుంది. ఆపిల్ దీనికి చెప్పిన వాడకపు హద్దు 10 నుంచి 35 డిగ్రీలు. రేకుల కప్పు గది వేసవిలో ఆ హద్దు దాటేస్తుంది. మెకానికల్ వాళ్లు దీని జోలికి పోవద్దు, సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు మాక్ మీద నేరుగా నడవవు.

ఐ5-1335యూ లాంటి చిప్‌తో వచ్చే సన్నటి విండోస్ మెషీన్లు రెండో రకం. ఈ చిప్ మూల శక్తి 15 వాట్లు, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, కాసేపు 55 దాకా లాగగలదు. ఎంతసేపు లాగుతుందో కంపెనీ పెట్టిన కూలింగ్ మీద ఉంటుంది. ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్లు ఒకేలా నడవకపోవడానికి కారణం ఇదే. సీఎస్ఈ, డిగ్రీ పిల్లలకు మా ఓటు దీనికే, 16 జీబీ ర్యామ్‌తో. వేసవిలో కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతం చేస్తే చాలా ఇంటెల్ మెషీన్లలో టర్బో ఆగిపోతుంది. వేడి బాగా దిగుతుంది, వర్డ్‌కూ బ్రౌజర్‌కూ తేడా పెద్దగా తెలియదు.

లెనోవో ఎల్ఓక్యూ 15 లాంటి గేమింగ్ మెషీన్‌ది వేరే దారి: రెండు ఫ్యాన్లు, మందమైన ఒళ్లు, రెండు కిలోలు దాటిన బరువు, దానికి తోడు ఇటుకంత అడాప్టర్. క్యాడ్, సిమ్యులేషన్, మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లకు ఎక్కువసేపు వేగం నిలబెట్టేది ఇదే. ఎఫ్ఎన్, క్యూ మీటలు కలిపి నొక్కితే మోడ్ మారుతుంది; క్లాసులో చప్పుడు తక్కువుండే క్వైట్ మోడ్ చాలు. గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి మాత్రం మోసపోకండి. ఆర్‌టీఎక్స్ 4050కి ఎన్విడియా 35 నుంచి 115 వాట్ల దాకా అనుమతి ఇచ్చింది. ఏ మోడల్లో ఎన్ని వాట్లు పెట్టారో కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూశాకే కొనాలి.

షాపులో మొదట మెషీన్‌ను తిరగేయండి. గాలి లోపలికి వెళ్లే జాలీ అడుగున ఉంటే పరుపు మీద, ఒళ్లో పెట్టి వాడలేరు. హాస్టల్ మంచమే బల్లగా వాడేవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. రబ్బరు కాళ్లు ఎంత ఎత్తున్నాయో, వేడి గాలి పక్కకు వస్తోందా వెనక్కి పోతోందా చూడండి. కుడి పక్కకు వస్తే మౌస్ పట్టుకున్న చెయ్యి ఉడుకుతుంది. డెమో పీస్ మీద ఒప్పుకుంటే పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వాట్లు చూపేది), సినీబెంచ్ ఆర్23 (చిప్‌కు పూర్తి పని పెట్టేది) తీసుకెళ్లి ఛార్జర్ పెట్టి పది నిమిషాలు నడపండి. మొదటి నిమిషంలో 'సీపీయూ ప్యాకేజ్ పవర్' (చిప్ లాగే వాట్లు) ఎంత, పదో నిమిషంలో ఎంత? 40 వాట్లతో మొదలై 15కి పడిపోయిందంటే నిలకడగా ఇవ్వగలిగింది ఆ 15 వాట్లే. షాపులో ఏసీ ఉంటుందన్నది మరిచిపోవద్దు.

కూలింగ్ ప్యాడ్ వెంటనే కొనక్కర్లేదు. వెనక భాగం రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తి గాలికి దారిస్తే చాలావరకు అదే ఫలితం. ప్యాడ్ ఫ్యాన్లు లాప్‌టాప్ జాలీకి ఎదురుగా రాకపోతే డబ్బు దండగ.

మన ఉక్కపోతలో దుమ్ము పొడిగా రాలిపోదు, ఫ్యాన్ రెక్కలకూ హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు రేకులు) సందుల్లోనూ అట్టకట్టి అతుక్కుంటుంది. ఏడాదికోసారి, వారంటీ షరతులు చూసుకుని, అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకుని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టించొద్దు. అందులో నీటి తుంపర ఉంటుంది, ఆ ఒత్తిడికి ఫ్యాన్ బేరింగూ పోవచ్చు. రోజంతా ఛార్జర్‌లోనే ఉంచేవాళ్లు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. వేడిలో నిండా ఛార్జై ఉన్న బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. కింద బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వాడకం ఆపి వెంటనే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.

ఏసీ ల్యాబ్ నుంచి శ్రావణ మాసపు తేమలోకి వస్తే చల్లటి మెషీన్ మీద చెమ్మ పట్టొచ్చు, అరగంట బ్యాగులోనే ఉంచి తెరవండి. బ్యాగులో పెట్టేముందు మూత మూసేసి సరిపెట్టకుండా షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేయాలి. స్లీప్‌లో ఉన్న విండోస్ మెషీన్ దారిలో మేల్కొంటే, గాలాడని బ్యాగులో ఇల్లు చేరేదాకా ఉడుకుతూనే ఉంటుంది.