అయిదు రాత్రులు, అయిదు పడకలు

నా బరువు 112 కిలోలు, మా ఆవిడ 58. మొన్న డిసెంబరులో ఇద్దరం హైదరాబాదు నుంచి బయల్దేరి విశాఖ, అరకు, అన్నవరం, రాజమండ్రి చుట్టి వచ్చాం. ఫొటోలు ఆవిడ దగ్గరున్నాయి. నా దగ్గరున్నది నడుం లెక్క: ఏ ఊళ్లో ఎలా పడుకున్నాను, పొద్దున్నే ఎలా లేచాను అని. మూడేళ్ల కిందట కొన్న ఇంటి పరుపు నా వైపు గుంటపడింది. కొత్తది కొనాలి. అందుకని ఈసారి కనిపించిన ప్రతి పడకనీ నొక్కి చూశాను.

వెళ్లేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్. నాకు పడింది సైడ్ లోయర్. అదెంత శిక్షో లావుపాటివాళ్లకే తెలుసు. రెండు సీట్లు వాల్చి కలిపితే పడక అవుతుంది గానీ, ఆ కలిసిన చోట గాడి సరిగ్గా నడుం కిందికే వస్తుంది. దుప్పటి మడిచి అందులో కూరాను. వెడల్పు చాలక నిద్ర సరిగా పట్టలేదు. అయినా తెల్లారి విశాఖలో దిగితే నడుం నొప్పి లేదు. పైన పల్చటి ఫోము, కింద గట్టి పలక. ఎంత బరువు పెట్టినా కుంగడానికి చోటే లేదు.

విశాఖలో బీచ్ రోడ్డు వెనక వీధిలో దిగాం. రూము శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఎప్పుడు తిప్పినా వచ్చాయి, పొద్దున పెసరట్టు ఉప్మా దివ్యంగా ఉంది. పరుపు దగ్గరే వచ్చింది చిక్కు. జానెడు పైన ఎత్తున్న స్ప్రింగు పరుపు, కూర్చోగానే హాయిగా అనిపించింది. పడుకున్న గంటకి నేను మధ్యలోకి దిగిపోయాను, మా ఆవిడ దొర్లుకుంటూ వచ్చి నా మీద పడింది. "ఇంత ప్రేమ ఎప్పుడూ లేదే" అన్నాను. "ప్రేమ కాదు, పల్లం" అంది.

పాత రకం పరుపుల్లో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఒకటి కుంగితే పక్కవాటినీ లాక్కుపోతుంది. పాకెట్ స్ప్రింగులో దేని సంచి దానిది, కాబట్టి పక్కమనిషి బతుకుతాడు. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే "అందరూ మెత్తగా ఉందనే అంటారు సార్" అన్నాడా అబ్బాయి. చివరికి ఎక్స్‌ట్రా బెడ్ పేరుతో నాలుగంగుళాల కొబ్బరిపీచు పరుపు తెచ్చి నేల మీద వేశారు. బిల్లులో దానికి 800 కూడా వేశారు. నేల మీదే నిద్రపోయాను.

మర్నాడు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో నావికుల పడకలు చూశాక ఆ 800 మీద కోపం కొంత తగ్గింది. అందులో నాకు పడక సంగతి దేవుడెరుగు, గుండ్రటి తలుపులు దాటడానికే మా ఆవిడ వెనక నుంచి తొయ్యాల్సి వచ్చింది.

అరకుకి అద్దాల కప్పున్న విస్టాడోమ్ రైలు పెట్టెలో వెళ్లాం. డబ్బుకి తగ్గ ప్రయాణమే. ఆ లైన్లో సొరంగాలు మొత్తం 58, నా లెక్క 20 దగ్గరే తప్పింది. అరకులో రిసార్టువాళ్లు "మెమరీ ఫోమ్ సార్" అని గొప్పగా చెప్పారు. ఆ ఫోము గుణం ఏమిటంటే, చలికి బిగుసుకుంటుంది, ఒంటి వేడికి మెత్తబడుతుంది. రాత్రి పదింటికి పడుకుంటే అరుగు మీద పడుకున్నట్టుంది. అర్ధరాత్రికి నా ఆకారంలో గొయ్యి తయారైంది, పక్కకి తిరగాలంటే అందులోంచి లేచి రావాలి. తేలికైనవాళ్లు దాని పైపొరలోనే ఆగిపోతారు. మా ఆవిడ హాయిగా పడుకుంది. నేను ఆ పొర దాటి అడుక్కి పోయాను.

అప్పటికి నా మనసులో గట్టి పరుపే మంచిదని ఖాయమైపోయింది. అన్నవరం సత్రంలో ఆ భ్రమా తీరింది. ఇనుప మంచం, దాని మీద రెక్సిన్ తొడిగిన పల్చటి పీచు పరుపు. నాకు పక్కకి తిరిగి పడుకునే అలవాటు. బరువంతా భుజం మీద, తుంటి మీద ఆగి, రెండు గంటలకోసారి చెయ్యి తిమ్మిరెక్కింది. తెల్లవారుజామున కొండెక్కి దర్శనం చేసుకుని, ఆకులో కట్టిచ్చిన గోధుమనూక ప్రసాదం నెయ్యి వేళ్లకి అంటుతుంటే తిన్నాక గానీ మనిషిని కాలేదు.

రాజమండ్రిలో పెద్దమ్మ ఇల్లు. టేకు మంచం, బూరుగుదూది పరుపు. బాగా పట్టింది నిద్ర. "ఏటేటా ఏకించేదాన్ని, ఇప్పుడు దూదేకేవాళ్లు ఎక్కడ్రా" అంది పెద్దమ్మ. చెయ్యి పెడితే ఉండలు తగిలాయి. నేను నెల రోజులుంటే దాని పని సరి.

ఇంటికొచ్చాక నాలుగు షాపులు తిరిగాం. అందరూ "ఆర్థో" అంటారు. నడుముకి మంచిదని దాని అర్థం. అది కవరు మీద మాట, లోపల ఏముందో చెప్పదు. నేను అడిగింది డెన్సిటీ. ఘనమీటరు ఫోము 40 కిలోలుంటే 40 డెన్సిటీ. మెత్తదనం వేరు, ఇది వేరు. మెత్తటి ఫోముకీ డెన్సిటీ ఎక్కువ ఉండొచ్చు, గట్టిగా తగిలేదానికి తక్కువ ఉండొచ్చు. నా బరువుకి తక్కువ డెన్సిటీ ఫోము ఏడాది రెండేళ్లలో చచ్చిపోతుంది, మా పాత పరుపుకి జరిగిందదే. జిప్పు తీసి పొరలు చూపించమంటే ఇద్దరు మొహం తిప్పుకున్నారు. మూడో ఆయన చూపించాడు, పావుగంట పక్కకి తిరిగి పడుకున్నా ఏమీ అనలేదు. బేరం అక్కడే కుదిరింది. అడుగున ఆరంగుళాల రీబాండెడ్ ఫోము, అంటే ఫోము ముక్కలు అతికించి నొక్కి చేసింది, 100 డెన్సిటీ. పైన రెండంగుళాల లేటెక్స్, అంటే రబ్బరు ఫోము, భుజానికి అది చాలు. అనుకున్నదానికంటే ఎక్కువే అయింది. మోసుకొచ్చిన కుర్రాళ్లు మూడో అంతస్తుకి వచ్చేసరికి నన్ను తిట్టుకునే ఉంటారు.

ఇంకో సంగతి వడ్రంగి చెప్పాడు. మా మంచానికి నడిమధ్య కాలు లేదు. పట్టీల మధ్య నాలుగు వేళ్ల సందు. "పరుపు కాదండీ, మీ మంచం కుంగింది" అన్నాడు. పట్టీల మీద ప్లైవుడ్ పరిచి, మధ్యలో రెండు కాళ్లు కొట్టాడు. దాంతో పాత పరుపు మీద నాకు కాస్త జాలి వేసింది.

ఎనిమిది నెలలైంది. మొన్న తాపీమేస్త్రీలా ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి పట్టుకుని స్కేలు పెట్టాను. నా వైపు అర సెంటీమీటరు. మా ఆవిడ వైపు ఏమీ లేదు. "అటుది ఇటు తిప్పి వేద్దాం, పట్టు" అంది.