ఓవెన్ వేడి తప్పితే ఏది మేలు: థర్మామీటరా, మల్టీమీటరా, కొత్త సెన్సారా?

మాది నెల్లూరు దగ్గర మైపాడు. ఇంట్లో కేకులు చేసి ఊళ్లోకి పంపుతుంటాను. రెండేళ్ల క్రితం డిసెంబరులో వరుసగా నాలుగు ప్లమ్ కేకులు మధ్యలో పచ్చిపిండిగానే మిగిలిపోయాయి. ఎప్పటిలాగే 160 డిగ్రీలు పెట్టాను, సమయమూ మార్చలేదు. చూడడానికి వచ్చిన మెకానిక్ ఓవెన్ వెనక మూత కూడా విప్పకుండా "సెన్సార్ పోయిందమ్మా, కొత్తది వేద్దాం" అన్నాడు. వేయించి ఉంటే డబ్బు పోయేది, కేకులు మాత్రం పచ్చిగానే ఉండేవి.

ఓవెన్ వేడి తప్పిందన్న అనుమానం వస్తే ముందు కొనవలసింది ఓవెన్ థర్మామీటర్. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మధ్య అరలో పెట్టి అరగంట ఆగాలి. తలుపు తెరవకుండా అద్దంలోంచే చూస్తూ, హీటర్ మూడు నాలుగు సార్లు ఆగి వెలిగే దాకా అంకెలు రాసుకోవాలి. ఏ ఓవెన్‌లోనైనా వేడి పెట్టిన అంకెకు కాస్త పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు, సగటు తీయాలి. నాకు వచ్చిన సగటు 140.

థర్మామీటర్ లేనివారు పంచదారతో పరీక్షిస్తారు. పంచదార దాదాపు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాబట్టి 175 దగ్గర పెట్టినప్పుడు కరిగినా, 195 దగ్గర పెట్టి పావుగంట దాటినా కరగకపోయినా వేడి తప్పినట్టే. అనుమానం తీరడానికి అది చాలు. ఎంత తప్పిందో తెలియాలంటే మాత్రం థర్మామీటరే కావాలి.

అయితే ఎందుకు తప్పిందో థర్మామీటర్ చెప్పలేదు, అది విద్యుత్తును, నిరోధాన్ని కొలిచే మల్టీమీటర్ పని. చాలా ఎలక్ట్రానిక్ ఓవెన్లలో సెన్సార్ అంటే సన్నటి లోహపు గొట్టంలో అమర్చిన ప్లాటినం తీగ. వేడెక్కే కొద్దీ అది విద్యుత్తుకు అడ్డుపడే తీరు, అంటే నిరోధం, పెరుగుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఎక్కువగా వాడే 1000 ఓమ్‌ల రకంలో సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 1385 ఉంటాయి. ఒక డిగ్రీకి సుమారు నాలుగు ఓమ్‌లన్న మాట. 500 ఓమ్‌ల రకం కూడా ఉంది కాబట్టి ముందు మాన్యువల్ చూసుకోవాలి. స్విచ్చి కట్టి, ప్లగ్గు గోడలోంచి పీకి, ఓవెన్ పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకోవాలి.

నాకు ఈ పరీక్ష అంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే దీనికి కావలసిన కొలబద్దలు రెండూ వంటింట్లోనే ఉన్నాయి. సెన్సార్ ఊడదీసి కొనను ఐసు కలిపిన నీళ్లలో ముంచితే 1000, మరిగే నీళ్లలో ముంచితే 1385 దగ్గర చూపాలి. మనది సముద్రమట్టం కాబట్టి నీళ్లు సరిగ్గా 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తీగల దాకా తడి తగలనివ్వకుండా కొన మాత్రమే ముంచి, తిరిగి బిగించే ముందు బాగా తుడిచి ఆరబెట్టాలి. మా సెన్సార్ రెండు చోట్లా సరిగ్గానే పలికింది.

మరి తప్పు ఎక్కడ? ఆ రోజు వంటింట్లో 30 డిగ్రీలుంది. సెన్సార్ సొంత ప్లగ్గు దగ్గర 1117 ఓమ్‌లు వచ్చాయి. అదే తీగను హీటర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దగ్గర ఊడదీసి అక్కడ కొలిస్తే 1190. మధ్యలోని కనెక్టర్‌కు చిలుము పట్టింది, ఉప్పుగాలి చేసిన పని. అదనంగా చేరిన 73 ఓమ్‌లను బోర్డు వేడిగా లెక్కవేసుకుని, దాదాపు 20 డిగ్రీల ముందే హీటర్ ఆపేస్తోంది. కొత్త సెన్సార్ వేసినా అవతలి వైపు చిలుము అలాగే ఉండేది.

కొన్ని ఓవెన్లలో సెట్టింగులలోనే వేడిని పది, ఇరవై డిగ్రీలు జరుపుకొనే వీలుంటుంది. మెకానిక్‌ను పిలిచే పని లేదు కాబట్టి చాలామందికి అదే తేలిక. మీటరులో అన్నీ సరిగ్గా ఉండి, 150 దగ్గరా 200 దగ్గరా ఒకే తేడా కనిపిస్తే అది మంచి మార్గమే. మీటరు పెట్టి చూడకుండా జరిపితే మాత్రం ఒప్పుకోను. చిలుము ఆగదు, నెల తిరిగేసరికి తేడా మళ్లీ పెరుగుతుంది.

కొత్త సెన్సార్ తప్పనిసరి అయ్యేది ఐసు నీళ్లలోనో మరిగే నీళ్లలోనో అంకె తప్పినప్పుడు, లేదా సెన్సార్ లోపల తీగ తెగి, విద్యుత్తుకు అసలు దారే లేదని మీటరు చూపినప్పుడు. నిరోధం ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంటే ఆ రోజే ఓవెన్ వాడకం ఆపేయాలి. బోర్డు ఓవెన్ చల్లగా ఉందనుకుని వేడి పెంచుతూనే పోతుంది.

ఇదంతా చిన్న ఓటీజీలకు (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసి ఉండేవి) వర్తించదు. వాటిలో చాలావాటికి ఉండేది మామూలు థర్మోస్టాట్, అక్కడ థర్మామీటర్ పెట్టుకుని మీట జరుపుకోవడమే మేలు. కన్వెక్షన్ మైక్రోవేవ్ మూత ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

మా కనెక్టర్‌ను కొత్తది వేయించాను, సెన్సార్ పాతదే. ఇప్పుడు ఏటా అక్టోబరు వానలకు ముందు ఆ ప్లగ్గు ఒకసారి విప్పి చూస్తున్నాను. థర్మామీటర్ మధ్య అరలోనే ఉంటోంది.