రిమోట్ జాబ్‌తో వెళ్తే చియాంగ్ మై మేలా, పెనాంగ్ మేలా?

రిమోట్ జాబ్ ఉంది, ఒకట్రెండేళ్లు ఆగ్నేయాసియాలో ఉండి చూద్దాం అనుకునేవాళ్లు ముందు అడిగేది రెంట్ ఎంత అని. నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవచ్చు. జీతం బయట దేశం నుంచి వస్తుంటే థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై అయినా, మలేషియాలో పెనాంగ్ అయినా ఖర్చుకి తట్టుకోవచ్చు. అసలు తేడా వీసాలో ఉంది, గాలిలో ఉంది, పక్కింటివాళ్లతో ఏ భాషలో మాట్లాడతాం అన్నదాంట్లో ఉంది.

వీసా సంగతి చూద్దాం. థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) అని తెచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకుంటే అక్కడే ఉండి ఇంకో 180 రోజులు పొడిగించుకోవచ్చు. నెలకి ఇంత జీతం ఉండాలన్న లెక్క లేదు గానీ అకౌంట్‌లో 5 లక్షల బాత్ చూపించాలి, ఫీజు 10 వేల బాత్ దాకా, ఎంబసీని బట్టి కాస్త మారుతుంది, పైగా థాయ్‌లాండ్ బయటి నుంచే అప్లై చేయాలి. మలేషియాలో రిమోట్ పనివాళ్లకిచ్చే పాస్ పేరు డీఈ రంటావు, 2022 అక్టోబర్లో మొదలైంది. 3 నుంచి 12 నెలలకి ఇస్తారు, తర్వాత ఇంకో 12 నెలలు రెన్యూ చేస్కోవచ్చు. వీళ్లు చూసేది సేవింగ్స్ కాదు, ఆదాయం. ఐటీ, డిజిటల్ పనులవాళ్లకి ఏడాదికి 24 వేల డాలర్లు చాలు, మిగతా ఉద్యోగాలకి మాత్రం 60 వేలు కావాలి. ఫీజు 1000 రింగిట్, వెంట వచ్చే భార్యకో పిల్లలకో తలా 500. అంటే సాఫ్ట్‌వేర్ జీతం ఉన్నవాళ్లకి రంటావు సులువు, ఒక నెల వచ్చి ఒక నెల రాని ఫ్రీలాన్సర్లకి, చేతిలో కాస్త పొదుపుంటే, డీటీవీయే నయం.

ఇప్పుడు గాలి. వీడియోల్లో చియాంగ్ మై అందాలన్నీ నవంబర్, డిసెంబర్‌లో తీసినవే ఎక్కువ, ఆ నెలల్లో నిజంగానే స్వర్గంలా ఉంటుంది, పొద్దున చలి, సాయంత్రం చల్లగాలి, ఊరికి పడమటి పక్కన దోయ్ సుతేప్ కొండ ఆకు ఆకూ కనిపించేంత స్పష్టంగా ఉంటుంది. అదే ఫిబ్రవరి వచ్చిందంటే చుట్టుపక్కల మొక్కజొన్న చేలల్లో మోళ్లు తగలబెడతారు, అడవుల్లో మంటలు, మయన్మార్, లావోస్ నుంచి వచ్చే పొగ వేరే, ఊరేమో కొండల మధ్య లోయలో ఉంది కాబట్టి ఆ పొగ బయటికి పోయే దారే ఉండదు. మార్చిలో ప్రపంచంలోనే గాలి అతి పాడైన నగరాల లిస్ట్‌లో చాలాసార్లు పైన ఉంటుంది. కొండ మొత్తం మాయమైపోతుంది, కిటికీలన్నీ మూసి ఎయిర్ ప్యూరిఫైయర్ పక్కన కూర్చుని పని చేయాలి, పిల్లలకి ఆస్తమా ఉంటే ఏప్రిల్ దాకా అక్కడ ఉంచడం అసలు మంచిది కాదు. పెనాంగ్‌లోనూ పొగ పడుతుంది, 2015లో, 2019లో ఇండోనేషియాలోని సుమత్రా దీవి మంటల వల్ల బాగా పట్టింది, కానీ అది ప్రతి ఏడాదీ వచ్చే సీజన్ కాదు. దానికి బదులు ఏడాదంతా ఉక్కపోత, చలికాలం అన్నదే లేదు.

భాష దగ్గర పెనాంగ్‌కి పోటీయే లేదు. హాస్పిటల్లో, బ్యాంకులో, స్కూల్లో ఇంగ్లీష్‌తో పనైపోతుంది, పెనాంగ్ ముఖ్య నగరం జార్జ్ టౌన్‌లోని లిటిల్ ఇండియాలో నడుస్తుంటే తమిళం వినిపిస్తుంది, అరిటాకు భోజనం దొరుకుతుంది. మలేషియాలో తోటల పనికి వెళ్లిన కాలం నుంచీ మన తెలుగువాళ్లు స్థిరపడి ఉన్నారు, వాళ్లకి తెలుగు సంఘం కూడా ఉంది, కొత్తగా వెళ్లినవాళ్లకి అది ఎంత ధైర్యమో చెప్పలేను. చియాంగ్ మైలో విదేశీయులు ఎక్కువగా ఉండే నిమ్మన్ ఏరియా దాటితే థాయ్ రాకుండా కష్టమే. శాకాహారులైతే పసుపు రంగు మీద ఎర్ర అక్షరాల బోర్డున్న కొట్టు చూస్కోండి, అక్కడ ఫిష్ సాస్ కూడా వేయరు, మామూలు కొట్లో కూరగాయల వేపుడు అడిగినా అందులో అది పడుతుంది.

పని వేళలు దాదాపు ఒకటే. ఎండాకాలంలో న్యూయార్క్ ఉదయం 9 గంటలంటే చియాంగ్ మైలో రాత్రి 8, పెనాంగ్‌లో 9, చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. లండన్ క్లయింట్ అయితే ఎక్కడైనా హాయి. టాక్స్ మాత్రం తేలిగ్గా తీస్కోవద్దు, క్యాలెండర్ ఏడాదిలో థాయ్‌లాండ్‌లో 180 రోజులు ఉంటే టాక్స్ రెసిడెంట్ అయిపోతారు, 2024 నుంచి అలాంటివాళ్లు బయట సంపాదించి లోపలికి తెచ్చే డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. మలేషియాలో ఆ గీత 182 రోజులు. వెళ్లకముందే ఆడిటర్‌తో కూర్చోండి.

బాలి, దా నాంగ్ సంగతేంటి అంటారేమో. ఇండోనేషియా రిమోట్ వీసాకి ఏడాదికి 60 వేల డాలర్ల ఆదాయం అడుగుతారు. వియత్నాంలో 90 రోజుల ఈ-వీసా తప్ప రిమోట్ వర్కర్ల కోసం విడిగా వీసా లేదు, కుటుంబంతో దాన్ని నమ్ముకుని వెళ్లడం నాకైతే ఇష్టం లేదు.

పిల్లలుంటే పెనాంగే, ఇందులో నాకు రెండో మాట లేదు. ఒంటరిగానో జంటగానో అయితే చియాంగ్ మై, కానీ లీజు ఆగస్టు నుంచి జనవరి దాకానే రాయించుకోండి. సంతకం పెట్టే ముందు ఓనర్‌ని రెండు అడగండి. మీరు ఇంట్లో దిగినట్టు ఇమిగ్రేషన్‌కి తెలిపే టీఎం30 ఫారం ఓనరే పెడతారా అని, ఎందుకంటే పొడిగింపుకి వెళ్తే ఆ రసీదు అడుగుతారు. కరెంట్ బిల్లు నేరుగా గవర్నమెంట్ రేటుకేనా అని, చాలా అపార్ట్‌మెంట్లలో యూనిట్‌కి 7, 8 బాత్ వేస్తారు, గవర్నమెంట్ రేటు దాదాపు 4.