పాత పికప్‌కి ఫ్యూయల్ పంపు మార్చి ఐదేళ్లు: నేను పంపును తిట్టాను, తప్పు తీగది

నేను నడిపేది 1998 మోడల్ పెట్రోల్ పికప్. వీ6 ఇంజన్, దానికి పెట్రోలు తోసే పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. దీనికి ఇప్పటిదాకా రెండుసార్లు పంపు మార్చాను. మొదట వేసింది ఏడు నెలలు నడిచింది. రెండోసారి వేసింది ఐదేళ్లు దాటి, 70 వేల కిలోమీటర్లు తిరిగి ఇంకా నడుస్తోంది. ఈ లెక్క చూసి మొదటిది నాసిరకం, రెండోది గట్టిది అని తేల్చేయకండి. నేను అలాగే తేల్చేసి చాలాకాలం ఆ మొదటి పంపును నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, దాని తప్పు పెద్దగా లేదు.

బండితో వచ్చిన పంపు చెప్పాపెట్టకుండా పోలేదు. పోతున్నానని చాలా రోజులు చెప్పింది, వినిపించుకోనిది నేనే. ఒక్క సెల్ఫుకే అందుకునే బండి నాలుగైదు సెకన్లు తిప్పితే గానీ స్టార్టయ్యేది కాదు. కీ ఆన్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే మాత్రం టక్కున అందుకునేది. 'పాత బండి కదా, దీని తీరే ఇంత' అనుకుని ఆ మూడుసార్ల తతంగానికి అలవాటు పడిపోయాను. కీ ఆన్ చేసిన ప్రతిసారీ బండిలోని కంప్యూటర్ పంపును రెండు సెకన్ల పాటు తిప్పి ఆపుతుంది. ఆరోగ్యంగా ఉన్న పంపుకు ఆ రెండు సెకన్లు చాలు. మూడు విడతలు కావాలంటే పంపు నీరసించి ఉండాలి, లేదా పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే దాని చెక్ వాల్వు పట్టు తప్పి రాత్రంతా లైనులో ప్రెషర్ ట్యాంకులోకి జారిపోతుండాలి. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, లైనులో ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటరో కారినా ఇలాగే అవుతుంది గానీ, నా బండి మిగతా లక్షణాలు పంపు వైపే వేలు చూపించాయి.

ఆ మిగతావి ఇవీ: ట్యాంకు పావుకు తగ్గి, ఎండలో గంటసేపు నడిచాక, లోడుతో ఎత్తు ఎక్కుతుంటే బండి ఉక్కిరిబిక్కిరి అయ్యేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత నీరుగారిపోయేది. పక్కన ఆపి అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది, దానికి కందెనగా పనిచేసేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు అడుగంటితే రెండూ తగ్గుతాయి. ఎప్పుడూ రిజర్వు గీత దగ్గరే తిప్పే అలవాటు నాది. పంపును సగం చంపింది ఆ అలవాటే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చివరికి ఒకరోజు అసలు స్టార్టవలేదు. కీ ఆన్ చేసి చెవి రిక్కించి విన్నాను. వెనక నుంచి రావలసిన ఆ సన్నని 'జుయ్' లేదు. ఫ్యూజు బాగానే ఉంది. పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే తీసి హారన్ రిలే పెట్టి చూశాను (నా బండిలో రెండూ ఒకటే రకం), మార్పు లేదు. అప్పుడు తమ్ముణ్ని కీ దగ్గర కూర్చోబెట్టి, నేను కింద దూరి రబ్బరు సుత్తితో ట్యాంకు అడుగున రెండు దెబ్బలు వేశాను. "అన్నా, అందుకుంది!" అని వాడి కేక. మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఒకచోట ఆగిపోతే ఇలా దెబ్బకు కదులుతాయి. ఈ చిట్కా ఇల్లు చేరడానికే. దాన్ని నమ్ముకుని మర్నాడు దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

దీనికి ముందు ఫిల్టరు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ప్లగ్గులు అన్నీ ఊహ మీదే మార్చి ఉన్నాను. ఒక్క ప్రెషర్ గేజి ముందే తెచ్చుకుని ఉంటే ఆ ఖర్చంతా తప్పేది. ఇంజన్ మీద, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి (ఫ్యూయల్ రైలు) సైకిల్ ట్యూబు వాల్వు లాంటిది ఒకటి ఉంటుంది. గేజి దానికి బిగించాలి. నా బండికి సర్వీసు మాన్యువల్ చెప్పే ప్రెషర్ 60 నుంచి 66 పీఎస్ఐ. వచ్చింది 48. ఇంజన్ ఆపిన ఐదు నిమిషాలకు 20కి దిగింది. మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగిపోయే రిటర్న్ లైనులో రబ్బరు ముక్క ఉన్నచోట గుడ్డ చుట్టి ఒక్క క్షణం నొక్కి పట్టాను. పంపు బాగుంటే ముల్లు ఒక్క ఉదుటున పైకి లేవాలి. ఇది 50 దాకా పాకి ఆగిపోయింది. అంటే రెగ్యులేటర్‌ది తప్పు కాదు, తోసే శక్తే లేదు. మీ బండి లెక్క వేరే ఉండొచ్చు, పాత థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ బళ్లకు పది పన్నెండు పీఎస్ఐయే సరైనది కూడా. మాన్యువల్ చూడకుండా గేజి చూస్తే లాభం లేదు.

ఇంతవరకూ నా వైద్యం సరిగ్గానే ఉంది. తప్పటడుగు ఆ తర్వాత వేశాను. పంపుకు కరెంటు అందుతోందా అని చూడటానికి ట్యాంకు దగ్గర కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. 12.5 వోల్టులు. 'కరెంటు బ్రహ్మాండంగా ఉంది, పంపే పోయింది' అనుకుని పంపొక్కటే కొని, ట్యాంకు దింపి, పాత కనెక్టరుకే తగిలించాను. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే తీగలో కరెంటు పారదు. పారనప్పుడు వోల్టేజి పడిపోదు. నూరు పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు 12.5 అనే చూపిస్తుంది. ఇది నాకు తెలియక కాదు, ఆ రోజు తట్టలేదు.

ట్యాంకు దింపడం గురించి ఎక్కువ చెప్పను. సగం ట్యాంకు పెట్రోలుతో దింపాను, బుద్ధి తక్కువై. యాభై లీటర్లంటే దాదాపు 37 కిలోలు, పైగా జాకు మీద అటూ ఇటూ ఊగే 37 కిలోలు. చేస్తే ముందు తోడేసి చేయండి.

ఏడో నెలలో పాత కథే మళ్లీ మొదలైంది. ఈసారి గేజి 38 చూపించింది. కోపంతో పంపు, పెట్రోలు వడకట్టే జాలీ, పెట్రోలు ఎంతుందో చెప్పే తేలియాడే ఫ్లోటు, పై మూత, కొత్త కనెక్టర్ ముక్క అన్నీ కలిసి వచ్చే పూర్తి మాడ్యూల్ కొనేశాను. అయితే ట్యాంకు మళ్లీ దింపే ఓపిక లేక, ఈసారి వెనక తొట్టినే లేపాను. ఎనిమిది బోల్టులు, పెట్రోలు పోసే గొట్టం స్క్రూలు, టెయిల్ ల్యాంపుల వైరింగు, ఒక ఎర్త్ పట్టీ. ముందురోజే బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే పని తేలిక. నలుగురు పట్టి తొట్టిని రెండడుగులు వెనక్కి జరిపాం. నడుం వంచక్కర్లేకుండా ట్యాంకు మూత ఎదురుగా ఉంది. నన్నడిగితే పికప్‌కి ఇదే దారి, రెండో ఆలోచన వద్దు.

ఎదురుగా ఉండబట్టే మంచిదైంది. కనెక్టర్ తగిలించి ఉండగానే, వెనక వైపు నుంచి మీటరు సూదులు గుచ్చి, ఇంజన్ నడుస్తుండగా కొలిచాను. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. పంపు దగ్గర 10.6. మిగతా 3.4 దారిలో ఎవరో తినేస్తున్నారు. ఎర్త్ వైపు మాత్రమే కొలిస్తే, అందులో 1.9 అక్కడే పోతోంది. అక్కడ పావు వోల్టు ఉన్నా నేను అనుమానిస్తాను. కనెక్టర్ విప్పి చూస్తే ఎర్త్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులో కరిగి, పిన్ను మీద నల్లటి పెచ్చు. ఛాసిస్ మీద ఆ ఎర్త్ బోల్టు విప్పితే కింద ఇనుము కనబడలేదు, ఎర్రటి పొడి రాలింది. వేడికి పిన్ను పట్టు వదులుతుంది, పట్టు వదిలితే ఇంకా వేడెక్కుతుంది. ఏడు నెలల్లో జరిగింది అదే.

ఇంజన్ ఆపి, పరీక్షకని ఫ్యూజుతో ఉన్న లావు తీగ ఒకటి నేరుగా పంపు వైపు పిన్నులకు ఇచ్చాను. మొదట ట్యాంకు దగ్గర తగిలించి, చివరి ముడి దూరంగా బ్యాటరీ దగ్గర వేశాను, నిప్పురవ్వ లేస్తే అక్కడే లేవాలి కదా. గేజి 62కి లేచింది. నేను తిట్టిన పంపు. 62.

అప్పటికే కొత్త మాడ్యూల్ చేతిలో ఉంది. వేసేశాను గానీ, అందుకు ఇంకో కారణమూ ఉంది: బండిలోని పంపు పది ఆంపియర్లు లాగుతోంది. తీశాక తెలిసింది, జాలీకి తుప్పు బురద పట్టి తోలులా గట్టిపడింది. పంపు దాంట్లోంచి పీల్చలేక ఆయాసపడుతోంది. మొదటిసారి ట్యాంకు లోపల టార్చి వేసి చూసి ఉంటే అడుగున ఆ ఎర్ర మడ్డి కనిపించేదే. ఈసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మడ్డి తుడిచి, కడిగి, ఆరబెట్టాను.

కొత్తగా వేసేవాళ్లకు కొన్ని మాటలు. పని ఆరుబయట చేయండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీదే పాకుతుంది, గదిలో ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటూ పోతుంది. రిలే తీసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి, లైనులో ప్రెషర్ పోతుంది. తర్వాత బ్యాటరీ మైనస్ తీయండి. మూత చుట్టూ మట్టి ఊదేశాకే దాన్ని పట్టి ఉంచే లాక్ రింగు తిప్పండి, ఇనుప ఉలితో కాదు, ఇత్తడి ముక్కతో. మూత కింద రబ్బరు ఓ-రింగు కొత్తది తప్పనిసరి. ట్యాంకు లోపల రబ్బరు గొట్టం వాడాల్సి వస్తే పెట్రోల్లో మునిగి ఉండటానికే చేసినదే వేయండి. మామూలు ఫ్యూయల్ గొట్టం పైనుంచి కూడా నానితే మెత్తబడి చీలుతుంది, అప్పుడు మళ్లీ ప్రెషర్ లేదని ఇంకో పంపు కొంటారు. తీగలు అతికేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు వస్తుంది, పెట్రోలు రాదు. తొట్టి బిగించే ముందే కీ నాలుగైదుసార్లు ఆన్ చేసి ప్రతి అతుకు దగ్గరా తడి ఉందేమో వేలితో చూడండి.

నేను కనెక్టర్ వెనక కాలిన తీగను ఆరంగుళాలు కోసేసి కొత్త ముక్క వేశాను. ఎర్త్‌కు ఛాసిస్ మీద వేరే చోట గీకి, కొత్త బోల్టు కట్టాను. అంతే, పంపు దగ్గర 13.7 వచ్చింది.

ఐదేళ్ల తర్వాత ఈ మాడ్యూల్ మీద నా అభిప్రాయం. ప్రెషర్ ఇప్పటికీ 61, పొద్దుటికి కూడా లైనులో 40 పైనే నిలుస్తోంది. ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. పంపు లాగే కరెంటు తొలిరోజు ఏడు ఆంపియర్లు, పోయిన నెల కొలిస్తే కూడా దాదాపు అంతే. చప్పుడు మాత్రం కంపెనీ పంపు కంటే ఎక్కువ. అద్దాలు ఎత్తి, పాటలు ఆపితే వెనక నుంచి దోమలా వినబడుతూనే ఉంటుంది. మొదట్లో చిరాకు పడ్డాను. ఇప్పుడు కీ తిప్పగానే అది వినబడకపోతేనే గుండె ఆగుతుంది.

అసలు లోపం ఫ్లోటుది. మూడో ఏడు నుంచి పెట్రోలు ముల్లు అబద్ధం చెప్పడం మొదలెట్టింది. ఫుల్ దగ్గర సరిగ్గానే ఉంటుంది, పావు దగ్గర నిలబడి కదలదు. ట్యాంకు ఖాళీ అయినా పావే. ఫ్లోటు చేయి జరిగే రెసిస్టర్ పట్టీ ఆ చివర అరిగిపోయింది. దీని కోసం ఎనిమిది బోల్టులు విప్పి తొట్టి లేపబుద్ధి కాలేదు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ సున్నా చేసి, 300 కిలోమీటర్లు దాటగానే మళ్లీ బంకులోకి తిప్పుతున్నాను. పంపు ఎప్పుడూ మునిగే ఉంటోంది కాబట్టి ఆ పాడైన ముల్లు దానికి మేలే చేస్తోందని మా తమ్ముడి వాదన.