నంబర్ 6 ఊళ్లోంచి మమ్మల్ని పంపించేశారు

'ది ప్రిజనర్' అనే పాత గూఢచారి సీరియల్ ఒకటుందంటే మనవాళ్లలో చాలామంది వినే ఉండరు. 1967లో బ్రిటన్ ఐటీవీలో మొదలైంది. మొత్తం 17 ఎపిసోడ్లు. రాజీనామా చేసిన గూఢచారిని ఎత్తుకుపోయి, పేరు తీసేసి 'నంబర్ 6' చేసి, ఓ ముచ్చటైన ఊళ్లో పడేస్తారు. పారిపోదామంటే తెల్లటి పెద్ద బెలూన్ తరుముతుంది! ఆ ఊరు ఉత్తర వేల్స్‌లోని పోర్ట్‌మైరియన్. మొన్న మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం.

బర్మింగ్‌హామ్ నుంచి రైలెక్కితే మధ్యలో రైలు రెండుగా విడిపోతుంది. మేం కూర్చున్నది వేరే దారిలో ఆబరిస్ట్‌విత్ అనే ఊరికి వెళ్లే పెట్టెలో. ఎదురు సీటు పెద్దావిడ చెప్పబట్టి సరిపోయింది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ పక్క పెట్టెలోకి పరుగు. అయినా బార్మత్ చెక్క వంతెన మీద, కింద నీళ్లు చూస్తూ వెళ్తుంటే ఆ ఆయాసం గుర్తు లేదు.

పోర్ట్‌మైరియన్‌లోనే హోటలూ కాటేజీలూ ఉన్నాయి. రేట్లు చూసి దడిసి, పక్కనున్న పోర్త్‌మడాగ్‌లో గది తీసుకున్నాం. ఫొటోలో సముద్రం, కిటికీ తీస్తే పక్కింటి గోడ. వేణ్నీళ్లు ఒకరి స్నానానికే సరి. పొద్దున పుట్టగొడుగులూ టోస్టూ మాత్రం కడుపునిండా పెట్టారు.

మర్నాడు మిన్‌ఫోర్ద్ స్టేషన్లో దిగి ఇరవై నిమిషాలు నడిచి టికెట్ కొనుక్కుని లోపలికెళ్లాం. ఇంతేనా ఊరు అనిపించింది. కెమెరా ఎంత పెద్దది చేసి చూపించిందో! నంబర్ 6 ఉండే గుండ్రటి ఇల్లు ఇప్పుడు ఆ సీరియల్ వస్తువులమ్మే కొట్టు. ఇంటి లోపలి సీన్లన్నీ స్టూడియోలో తీసినవే కాబట్టి, లోపల వెతుక్కోవడానికేమీ లేదు. అసలు ఊరే సగం కనికట్టు. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే ఆర్కిటెక్టు 1925లో మొదలుపెట్టి, ఎక్కడెక్కడో కూల్చేసిన భవనాల ముక్కలు తెచ్చి అతికించాడు. మా ఆవిడ ఓ కిటికీ రెక్క తీయబోతే అది గోడ మీద రంగులతో వేసిన బొమ్మ. ఒడ్డున పడవ కూడా రాతిదే, కదలదు. దాని పక్కన కూర్చుని పులిహోర డబ్బా విప్పగానే సీగల్స్ చుట్టుముట్టాయి. సీరియల్లో బెలూనే నయం.

సాయంత్రం అయ్యేసరికి పగటి టికెట్ల వాళ్లు బయల్దేరాలన్నారు. అప్పుడే ఆటు మొదలై ఇసుక తేలుతోంది, జనం పలచబడి ఊరు సీరియల్లో ఊరిలా అవుతోంది. హోటల్లో దిగిన ఇద్దరు కప్పులు పట్టుకుని తీరిగ్గా పచ్చిక మీదికి వస్తున్నారు. మేం గేటు వైపు నడిచాం.

ఈసారి రెండు రోజులు బయట ఉండే డబ్బుతో ఒక్క రాత్రి లోపల ఉంటాం.